సక్రి చేతిలో మిగిలిన ఆకు

సక్రి పదిహేడు మందిని అడవిలోకి తీసుకుపోయి పదహారు మందినే బయటకు తెచ్చిందట. మిగిలిన ఒక్కణ్ణి రజాకార్లకు పట్టించిందని కొందరు, నడవలేకపోతే గుడ్డెలుగుకు వదిలేసిందని కొందరు అంటారు. ఆమె ఎడమ చెంప మీద కంటి నుంచి దవడ దాకా మూడు గాట్లు ఉన్నాయి. వదిలేసిన మనిషి దయ్యమై వచ్చి గీరిన గాట్లవి అని రేగొండ అంగట్లో ఆమె పక్కన కూర్చుని అమ్ముకునేవాళ్లు కూడా నమ్ముతారు.

నేను ఈ ఊరికి కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే ఈ కథ విన్నాను. పక్కింటి ఆమె చెప్తుంటే మా అత్త కొమురవ్వ చేటలో బియ్యం చెరుగుతోంది. కథ సగంలో ఉండగానే చేట కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. దయ్యాలంటే భయమేమో అనుకున్నాను.

మా ఊరికీ అడవికీ మధ్య ఒక వాగు ఉంది. వాగు ఒడ్డున సక్రి గుడిసె. ఆమె పుట్టి పెరిగిన తండా అడవికి అవతల, మానుకోట దిక్కున. తేనె, బంక ఏరుకుని బతికిన మనిషి కాబట్టి అడవిలో ఆమెకు తెలియని దారి లేదు. ఈ మధ్య వరంగల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే రఘునాథ్ సారు ఏడాదికి రెండు మూడుసార్లు పిల్లలను తెచ్చి, ఆమెను ముందు నడవమని అడవి చూపిస్తున్నాడు. వాళ్లకు వంట చేసే పని నాకు దొరికింది. అట్లా ఆమె వెనక నడిచాను.

అడవి మొదట్లో గుట్ట మైసమ్మ రాయి ఉంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషీ ఒక మోదుగాకు తెంపి ఆ రాయి దగ్గర పెట్టాలి. సక్రికి అంకెలు రావు. ఆ ఆకులన్నీ ఒక ఈనెకు గుచ్చి నడుముకు చెక్కుకుంటుంది. తిరిగి వాగు దగ్గరికి వచ్చాక తలా ఒక ఆకు చేతిలో పెడుతుంది. దాన్ని నీళ్లలో వదిలితే ఆ మనిషి బయటపడ్డట్టు. ఈనె ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు.

"మా కాలేజిల గూడ ఇంత గట్టిగ హాజరు తీస్కోరు అవ్వా," అన్నాడు ఒక పిల్లవాడు.

"కాలేజిల తప్పిపోతే ఇంటికాడ దొరుకుతవు. గీడ తప్పిపోతే?"

కాస్త దూరం పోయాక పైనుంచి కొండముచ్చు ఖర్రుమంది. పిల్లలందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"పులా అవ్వా?"

"పులైతే కొండముచ్చు గిట్ల తాపీగ కూసోని అరుస్తదా? మిమ్ముల చూసి తిడుతున్నది. గా ఎర్రంగి తొడిగినోణ్ణి ముందుగాల."

ఎర్ర చొక్కా పిల్లవాడితో సహా అందరూ నవ్వారు. రఘునాథ్ సారు నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. సక్రి నవ్వలేదు. వెనక్కి తిరిగి, వరుసలో చివరి మనిషి తర్వాత ఉన్న ఖాళీ దారిని చూస్తోంది. ఆమె ఎప్పుడూ అక్కడే చూస్తుందని నేను అప్పటికే గమనించాను.

ఆ రోజు ఈనె ఖాళీ అయింది, జీపు వెళ్లిపోయింది. సక్రి మళ్లీ వాగు దాటింది. గిన్నెలు తోముతున్న నేను నీళ్ల చెంబు పట్టుకుని ఆమె వెంట వెళ్లాను. ఒక పాత ఇప్పచెట్టు దగ్గర ఆమె ఆగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుంది.

"ఓ... ఇటు రా... తొవ్వ ఇటు..."

పిలిచి, చెవి ఒగ్గి నిలబడింది. మళ్లీ పిలిచింది.

"ఎవరినవ్వా?"

"పేరు తెల్వదు బిడ్డా. పేర్లు అడగొద్దని నేనే అంటి. పేరు తెలిస్తే దెబ్బలకు బయటికొస్తది. తెల్వకుంటే కొట్టి కొట్టి రజాకార్లే అలుస్తరు."

"పలుకుతడా?"

"పలుకుతడు. ఆకలైనోడి గొంతు. ఇన్నేండ్లాయె, గా గొంతు ముసలిగ గాలే."

నాకు ఎండుటాకుల చప్పుడు మాత్రమే వినిపించింది. అయినా తిరిగి వచ్చేటప్పుడు నేను వెనక్కి చూడలేదు.

దారిలో ఆమె చెప్పింది. ఇరవై ఏడేళ్ల కిందట రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న ఎండాకాలం. ఇళ్లు కాలిపోయిన జనగామ దిక్కు వాళ్లను సంఘం మనుషులు ఆమె దగ్గరికి పంపేవారు. వాళ్లను అడవి దాటించి ఈ పక్కకు చేర్చడం ఆమె పని. పగలే నడిపించేది. ఆ రోజు వచ్చినవాళ్లు మూడు ఊళ్ల మనుషులు, ఒకరికొకరు తెలియదు. ముగ్గురు ఒకసారి, నలుగురు ఒకసారి, విడివిడిగా వచ్చి రాయి దగ్గర ఆకులు పెట్టి పొదల్లో దాక్కున్నారు. రెండు రోజులు నడిచారు. వాగు దగ్గర తలా ఒక ఆకు పంచితే, ఆమె ఈనెకు ఒక ఆకు మిగిలింది.

ఎవరు తప్పిపోయారని అడిగింది. మావాళ్లు ఉన్నారని ఒక ఊరివాళ్లు, మావాళ్లూ ఉన్నారని ఇంకొక ఊరివాళ్లు అన్నారు. తప్పిపోయినవాడు వేరే ఊరివాడని ప్రతివాళ్లూ అనుకున్నారు. సక్రి ఒక్కతే వెనక్కి వెళ్లింది. మూడు రోజులు పిలుస్తూ తిరిగింది. మూడో రోజు ఇప్పపూలు తింటున్న గుడ్డెలుగు ఆమె మీద పడింది. నెత్తురు కారుతూ ఈ ఒడ్డుకు వచ్చి, ఒక్కడు లోపల ఉండిపోయాడని ఆమే ఏడ్చి చెప్పింది. తన మాటే తర్వాత తన మీద కథ అయింది.

ఇదంతా ఇంటికి వచ్చి అత్తకు చెప్పాను. ఆమె పొయ్యిలో కట్టెలు ఎగదోసింది. మా అత్త కూడా ఆ ఎండాకాలమే చిల్పూరు దిక్కు నుంచి తన మామతో వచ్చి ఇక్కడ నిలిచిపోయిందని నాకు తెలుసు. సక్రి ఎదురొస్తే ఆమె పక్క సందులోకి తిరుగుతుంది. పండుగ పూట మాత్రం నాలుగు రొట్టెలు మూటకట్టి, "ఎవలిచ్చిన్రో చెప్పకు," అని నాతో పంపుతుంది.

పోయిన వానాకాలం సక్రికి వారం రోజులు జ్వరం వచ్చింది. ఎనిమిదో రోజు మధ్యాహ్నం నేనూ అత్తా కట్టెల కోసం వాగు ఒడ్డుకు వెళ్తే, ఆమె కర్ర పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో ఉంది. వాగు ఎర్రగా పొంగుతోంది.

"అవ్వా, ఎనుకకు రా! కొట్టుకపోతవు!" అని అరిచాను.

"పిలుస్తున్నడు బిడ్డా. వారమాయె, పోలేదు."

నీళ్లు నడుముకు వచ్చాయి. అప్పుడు మా అత్త కట్టెలు పడేసి నీళ్లలోకి దిగింది.

"సక్రీ! పోకు. ఆడెవ్వడు లేడు! గా ఆకు నాది!"

సక్రి ఆగింది. అత్త ఆమె రెక్క పట్టుకుని ఒడ్డుకు లాగింది. ఇద్దరూ బురదలోనే కూలబడ్డారు. అత్త నేలను చూస్తూ మాట్లాడింది.

"మూడు నెలల కడుపు నాకు. మా దిక్కు కడుపుతోనున్నది గుట్ట దాటితే రెండాకులు పెడ్తది. లోపలిదానికొకటి. నేను గూడ పెట్టిన."

"అడిగితే చెప్పకపోతివి."

"ఎట్ల చెప్పాలె? నా పెనిమిటి దళంల ఉండె. ఏడాది సంది ఇంటి మొఖం చూడలేదని మా మామ రజాకార్ల దెబ్బలు తినుకుంట చెప్పిండు. కడుపని నోరిప్పితే ఆయన వచ్చిపోయినట్టు తెలుస్తది గద. గా మందిల ఎవరేందో నాకేమెరుక?"

"నేను ఎనుకకు పోతుంటే చూస్తివి."

"చూసిన."

"రజాకార్లు పోయిన్రు. దొరలు పోయిన్రు. అయినా చూసుకుంటనే ఉంటివి."

"నీ మొఖం చూసినంక నోరు రాలే సక్రీ."

సక్రి తన చెంప తడుముకుంది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. ఆమె అడిగింది మరొకటి.

"ఏం పుట్టింది?"

"కొడుకు. మా ఐలయ్య. గీ సరోజ మొగడు."

"గా ఐలయ్యనా? రోజు నా గుడిసెకొచ్చి బీడికి అగ్గడిగేటోడా?"

"వాడే."

సక్రి నోరు నవ్వుకు తెరుచుకుని మధ్యలోనే ఆగిపోయింది. అవతలి ఒడ్డు వైపు తల తిప్పింది. వాన వెలిసిన చెట్ల నుంచి నీళ్లు రాలుతున్నాయి.

"మరి నన్ను పిలిచేటోడు ఎవడు కొమురవ్వా?"

మా అత్త ఆమె రెక్క పట్టుకుని లేపింది. ఆ రోజు ముగ్గురం మా ఇంటికి వచ్చాం. ఐలయ్య పనినుంచి రాగానే సక్రి అతని ముఖాన్ని దీపం దగ్గరికి తిప్పి చూసింది, పేరు పెట్టి రెండుసార్లు పిలిచింది. అతను పలికాడు. అయినా వాగు తగ్గాక ఆమె మళ్లీ ఇప్పచెట్టు దగ్గరికి వెళ్లింది. ఇప్పుడు మా అత్త కూడా వెంట వెళ్తోంది. ఇద్దరూ ఏమీ పిలవకుండా కూర్చుని వస్తారు.

ఊళ్లో కథ మారలేదు. మా అత్త అంగట్లో నిలబడి చెప్పినా ఎవరూ వినలేదు, ముసలితనానికి సక్రి మీద జాలి పుట్టిందన్నారు. అందుకే రాస్తున్నాను. ఆ ఎండాకాలం సక్రి వెంట అడవిలోకి వెళ్లినవాళ్లు పదహారు మందే.