మెట్ల కింద తేలిన పని

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆవిడను అందరూ అక్కా అనే పిలిచేవారు, ఆవిడకన్నా పెద్దవాడైన మేనేజరుతో సహా. పిలుపులో ఆప్యాయత లేకపోలేదు. దాని వెనకాలే చాకిరీ కూడా ఉండేది. తమ ప్రోగ్రాం వాడుతూ విసుక్కునే ఆస్పత్రివాళ్లకు సర్దిచెప్పాలంటే అక్క. మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టాలంటే అక్క. ఆ ఆస్పత్రి వార్డుల్లో మందుల వేళలు చూసుకునే ప్రోగ్రాం మొదటి లైను నుంచి రాసింది కూడా అక్కేనన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తొచ్చేది కాదు.

ఆ ప్రోగ్రాంను తిరగరాయించాలని పైవాళ్లు నిర్ణయించారు. ఆ పని తనకే కావాలని ఆవిడ నోరు తెరిచి అడిగింది.

"మీకు కాకపోతే ఇంకెవరికక్కా!" అన్నాడు మేనేజరు.

మీటింగు నాడు ఆవిడ బోర్డు మీద డిజైన్ గీయబోతుంటే, పక్క సీటు ప్రోగ్రామరు నవ్వాడు. అతన్ని అందరూ పొడుగాయన అంటారు.

"ఇంకెందుకక్కా శ్రమ? డిజైన్ అయిపోయింది. నేను మొదలుపెట్టేశాను కూడా."

"ఎక్కడ అయిపోయింది?"

"కింద, మెట్ల దగ్గర. సిగరెట్ టైంలో."

ఆ ఆఫీసు తీరే అంత. మెట్ల కింద నలుగురు మగాళ్లు పొగ వదులుతూ తేల్చినదానికి పైన అద్దాల గదిలో తలూపడమే మీటింగు. ఆవిడా ఒకటి రెండుసార్లు కిందికి వెళ్లి చూసింది. వెళ్లగానే మాట బైకుల మీదికి మళ్లేది.

"మీకు ప్రమోషన్ ఇస్తున్నాం కదా," అన్నాడు మేనేజరు. "కోఆర్డినేషన్ అంతా మీదే. మనుషుల్ని మీలా ఎవరు చూసుకుంటారు?"

"మనుషుల్ని చూసుకోవడానికి చేరలేదు నేను. కోడ్ రాయడానికి చేరాను. ఆ పని ఇస్తారా, ఇవ్వరా?"

"అతను మొదలుపెట్టేశాడు కదక్కా, ఇప్పుడెలా?"

"అయితే నేను మానేస్తున్నా."

రాజీనామా అక్కడే టైపు చేసి పంపింది. ఇంట్లో భర్త, "ఇంకొంచెం ఓపిక పట్టాల్సింది," అన్నాడు. "నువ్వూ మొదలెట్టకు," అంది. నోటీసు గడువు తీరేలోపు వేరేచోట ప్రోగ్రాంలు రాసే ఉద్యోగమే వెతుక్కుంది, జీతం తగ్గినా సరే అని.

వీడ్కోలు నాడు మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "అక్క పిల్లల కోసం వెళ్లిపోతున్నారు. ఏం చేస్తాం, ఆడవాళ్లకు ఈ ఫీల్డు కష్టమే."

"నా పిల్లల ఊసెత్తకండి," అంది ఆవిడ. "వాళ్లు నన్ను మానమనలేదు. మానిపించింది మీరు. ఇక్కడ కోడ్ రాసే ఆడవాళ్లెందుకు లేరని రేపెవరైనా అడిగితే, మీ పేరు చెప్పండి."

టెస్టింగ్ చేసే అమ్మాయి ఒక్కతే చప్పట్లు కొట్టబోయి, మేనేజరు చూపు తన మీద పడగానే చేతులు దింపేసుకుంది.