మరకల డాక్టరు చెప్పిన సలహా

ఆయన లాండ్రీ షాపు పెట్టి ముప్ఫై ఏళ్ళయింది. సిరా, నూనె, తుప్పు, ఏ మరకైనా సరే, చూడగానే దేనికి లొంగుతుందో చెప్పేస్తాడు. అందుకే వీధిలో అందరికీ ఆయన మరకల డాక్టరు. ఆ బిరుదు నెత్తికెక్కింది కాబోలు, కిడ్నీలు పాడై డయాలసిస్‌లో పడ్డాక కూడా వైద్యం మానలేదు.

వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని పడుకుని మనిషి దిగులుతో కుంగిపోయాడు. తిండి సయించదు, షాపు తెరవబుద్ధి కాదు. డాక్టరమ్మ దిగులు తగ్గడానికి రోజుకొక మాత్ర రాసింది. నెలన్నర తిరిగేసరికి మళ్ళీ జోకులేస్తూ ఇస్త్రీపెట్టె పట్టాడు. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది!

"మిషను రక్తాన్నంతా ఉతికేస్తుంది కదే. పొద్దున వేసుకున్న మాత్ర అందులో కొట్టుకుపోదూ?" అని, డయాలసిస్ రోజుల్లో ఇంటికి రాగానే ఇంకోటి వేసుకోవడం మొదలెట్టాడు.

"డాక్టరమ్మని ఒక్క మాట అడగండి" అని భార్య మొత్తుకుంది.

"ఉతుకు సంగతి నాకొకరు చెప్పాలా?"

డయాలసిస్‌కి ఆయన పక్క మంచం మీదే పడుకునే టీచరమ్మదీ అదే మాత్ర. ఆవిడకీ ఈ పాఠం చెప్పాడు. పాపం, ఆవిడ బుద్ధిగా విన్నది.

మూడు వారాలకి ఆయన చేతులు వణకసాగాయి. ఒళ్ళంతా ఒకటే చెమటలు. ఒకరోజు తెల్లచొక్కా కాలరు మాడ్చేశాడు, ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి. ఇక భార్య ఊరుకోలేదు. మర్నాడు మిషను పెట్టగానే డాక్టరమ్మ ముందు గుట్టంతా విప్పేసింది.

"ఎంత పని చేశారండీ!" డాక్టరమ్మ నిలబడిపోయింది. "ఈ మాత్ర రక్తంలో ప్రొటీన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది. మిషను దాన్ని బయటికి లాగలేదు. మీరు వేసుకున్నదంతా ఒంట్లో పేరుకుపోయింది. ఏ మందు పోతుందో, ఏది పోదో మమ్మల్ని అడగాలి కదా!"

"అంటే... నూనె మరకలాగా? నీళ్ళకి పోదా?"

"పోదు."

ఆయన నూనె మరక మీద నీళ్ళు పోసినవాణ్ణి చెడామడా తిట్టే మనిషి. సిగ్గుతో తల పక్కకి తిప్పుకున్నాడు. పక్క మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత కూడా విప్పలేదు.

"టీచరమ్మేరీ?"

"రాలేదండీ" అంది నర్సు. "రెండ్రోజులుగా వణుకుతూ ఏదేదో మాట్లాడుతున్నారట. వయసు మీద పడింది కదా, అదే అయ్యుంటుందని వాళ్ళబ్బాయి ఫోన్ చేశాడు."

ఆయన ఒక్క ఉదుటున లేచి కూర్చున్నాడు. గొట్టం లాగినట్టయి మిషను గోల పెట్టింది.

"వయసు కాదమ్మా, నేను! నేనే చెప్పాను!" అంటూ, వణికే చేతిని నర్సు ఫోను కోసం చాచాడు.