మిలిసావ్ కుశల ప్రశ్న

మా పక్కింటి మిలిసావ్‌కి మనిషి కనబడితే అడగడానికి ఒక్కటే మాట: "ఇవాళ సాఫీగా అయిందా?" నమస్కారం లేదు, బాగున్నావా లేదు. రొట్టెల కొట్టు ముందు నిలబడ్డ ఆడవాళ్లను అడుగుతాడు, చర్చి మెట్ల మీద అడుగుతాడు. మా ఆయన్ని పూడ్చిన రోజున చేతిలో కొవ్వొత్తి పట్టుకుని నన్నూ అడిగాడు. ఎవరూ పలకకపోతే తన సంగతే చాటుతాడు. "నాకు ఏడుంబావుకే అయింది!" అని బస్సెక్కే వాళ్లందరికీ వినబడేలా. యాభై తొమ్మిదేళ్ల మగాడికి ఇదేం రోగం? నేను చదివింది నాలుగో తరగతే అయినా, ఏ మాట పెదవి దాటకూడదో నాకు తెలుసు.

ఈ పిచ్చంతా వాళ్లమ్మ స్తామెన తుంటి విరిగినప్పటి నుంచి. ఎనభై తొమ్మిదేళ్ల మనిషి, ఎత్తితే పిట్టంత బరువు. మరుగుదొడ్డిలో ఆవిడ కాళ్ల కింద పెట్టుకోడానికి చిన్న పీట చేశాడు.

"మోకాళ్లు పైకుంటే సులువు, పెర్సా పిన్నీ."

"సింహాసనం కుదిరింది, పట్టాభిషేకం ఎప్పుడురా?" అన్నాను.

పొద్దున కాఫీ తాగాక ఆవిణ్ణి అక్కడ కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా గుమ్మం బయట కావలి కాస్తాడు. దాన్నీ భరించాం. కానీ మా ఊళ్లో ఆల్బకరా పండు పుట్టేదే సారా బట్టీ కోసం. ఈ మహానుభావుడు ఆ ఏడు బట్టీలో తన వంతు వదిలేసి, తోటలో పళ్లన్నీ ఎండబెట్టాడు, కడుపు కదలడానికి అమ్మకి నానబెట్టి పెట్టాలట! ఊళ్లో మగవాళ్లు వాడితో నెల్లాళ్లు మాట్లాడలేదు.

వాళ్లింటిని కాచే పునీతుడి పండుగ వారంలో స్తామెన మంచం దిగలేదు. తిండి వద్దంది, నీళ్లూ వద్దంది, గోడ వైపు తిరిగి పడుకుంది. నేను ఊరుకుంటానా? ఆముదం సీసా పట్టుకెళ్లాను. వాడు దారికడ్డం నిలబడ్డాడు.

"పిన్నీ, అది తొంభై ఏళ్ల కడుపు. నీ పొగగొట్టం కాదు, ఒక్క ఊపున దులిపేయడానికి."

"మరి నర్సుని పిలవరా, పెద్ద తెలిసినవాడివి!"

"రానివ్వట్లేదు. పరాయిదానికి నా కడుపు సంగతి చెబితే నూతిలో దూకుతానంటోంది." వాడి గొంతు అప్పుడే మొదటిసారి సన్నగా వినబడింది. "ఇంకొక్క రోజు చూసి, తిట్టినా సరే పిలుస్తాను."

ఇంతలో పండుగ నీళ్లు దీవించడానికి చర్చి అయ్యగారు వచ్చారు. స్తామెన దుప్పటి నెత్తి మీదికి లాక్కుంది. అయ్యగారు ప్రార్థన ముగించి, గోడకున్న చర్చి పంచాంగం చూశారు. పునీతుల పేర్ల పక్కన పెన్సిల్ టిక్కులు. ఆయన కళ్లు చెమర్చాయి.

"బుధ, శుక్రవారాలే కాకుండా ఇన్ని ఉపవాసాలా నాయనా! ఈ రోజుల్లో నీలాంటి భక్తుడు... అయితే ఐదు రోజులుగా ఆపేశావేం? పండుగ ముందా?"

నాకు నవ్వు ఆగలేదు. దుప్పటి కింద స్తామెన ముడుచుకుపోయింది.

"ఉపవాసాలు కావండి," అన్నాడు మిలిసావ్. "నాకు అయిన రోజులు. ఐదు రోజులుగా ఒకటే బిగదీత."

అబద్ధాలకోరు! ఆ పొద్దునే కంచె దగ్గర ఏడింటికే అయిందని నాతో గొప్పలు పోయాడు. ఏదో అనబోయి ఆగి, దుప్పటి వైపు చూశాను; ఆ టిక్కులెవరివో అర్థమైంది. ఇన్నాళ్లూ ఊరంతా తిరిగి ఆ గాడిద ఏం చేస్తున్నాడో అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి. ఆ మాట ఊరందరిదీ అయితే, వాళ్లమ్మ ఒక్కదానిదీ కాకుండా పోతుందని.

అయ్యగారు ఎర్రబడ్డారు. గడ్డం సవరించుకున్నారు. "నాకూ... చిక్కుడు గింజలే తినే ఉపవాసంలో... మూడు రోజులు."

నేనేమన్నా తక్కువా? "ఈస్టర్‌కి నాకు నాలుగు!" అన్నాను.

దుప్పటి లోంచి గొంతు వచ్చింది. "నాకు ఐదు. ఆ నర్సుని రమ్మనండి."

నర్సు వచ్చింది. పొట్ట మెల్లగా నొక్కి చూసింది, వాంతులున్నాయా, రక్తం పడిందా అని అడిగింది. తుంటి నొప్పి బిళ్లలు పట్టుకుని, బిగించేది ఇవేనని డాక్టరుకి ఫోన్ చేసి మార్పించింది. నీళ్లలో కలిపే పొడి ఇచ్చింది. "నీళ్లెందుకు మానేశావమ్మా?" అంటే, "ప్రతిసారీ వీడు నన్ను లేవదీయాలిగా," అంది స్తామెన. నా ఆముదం గురించి నర్సు అన్న మాటలు ఇక్కడ రాయను.

పండుగ రోజు పొద్దుటికి పని జరిగింది. మధ్యాహ్నం స్తామెన తలకి కొత్త రుమాలు కట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. కాల్చిన పంది మాంసం పళ్లెం వచ్చింది. మిలిసావ్ ఆవిడ ముందు ఉడికిన గుమ్మడి ముక్కలు పెట్టాడు.

స్తామెన ఆ గిన్నెను కొడుకు ముందుకి తోసి, మాంసం పళ్లెం తన వైపు లాక్కుంది.

"నువ్వు తినరా నాన్నా," అంది. "ఐదు రోజులుగా బిగదీతన్నావు కదా అయ్యగారితో."