సూర్యుణ్ణి తప్పుపట్టిన జేబెజ్ థోర్న్

జేబెజ్ థోర్న్ అంటే మా హాల్‌కోట్‌లో ఎవరికీ గిట్టేది కాదు. నాకైతే అతన్ని చూస్తేనే ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళుగా చర్చి గోడమీది నీడగడియారం చూసి గంటగంటకూ తాడు లాగి గంట కొట్టేవాణ్ణి నేను. దానంతటదే గంట కొట్టే గడియారం ఒకటి తయారుచేసి గోపురంలో బిగించాడతను. ఇక నా పని ఊడినట్టే.

కమ్మరి కొడుకు. చేతిలో పనితనం ఉంది, కాదనను. పొయ్యి పొగకే గిరగిరా తిరిగే, మాంసం కాల్చే ఊచ చేశాడు. లోలకం ఊగేటప్పుడు పళ్ళచక్రం వెనక్కి తన్నకుండా పట్టే కొక్కెం కనిపెట్టాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ ముక్క అతనికెవరూ చెప్పినట్టు లేదు. బీరు కాచే క్రంప్ మా చర్చికి పెద్ద. అంతటివాణ్ణి పట్టుకుని, "నీ బుర్రకంటే నా లోలకం నయం. అది రెండువైపులా కదులుతుంది" అన్నాడు.

గడియారం పక్కన ఒక కాగితం అంటించాడు. ఏ రోజు గడియారానికీ నీడకూ ఎన్ని నిమిషాల తేడా వస్తుందో ఏడాది మొత్తానికీ ముందే రాసిపెట్టాడు. సూర్యుడు ఏడాదంతా ఒకే తీరున నడవడట, అతని గడియారమే నడుస్తుందట! తప్పు పట్టుకుందామని జూన్ నుంచీ ప్రతి మధ్యాహ్నం రెండూ పోల్చి చూశాను. ఒక్కరోజూ దొరకలేదు. కలుస్తాయని రాసిన రోజున కలిశాయి, విడిపోతాయన్న రోజున విడిపోయాయి. ఆ కోపంతో నాకు తిండి సయించలేదు.

అక్టోబరు చివరికి గడియారం నీడకంటే పావుగంట వెనకబడింది. చర్చి పెద్దలు కూర్చున్నారు. క్రంప్ ఆ కాగితాన్ని ఎత్తి చూపించాడు.

"తప్పు చేస్తానని ముందే తారీకులేసి రాసిచ్చిన దొంగను ఇప్పుడే చూస్తున్నానయ్యా!"

అందరూ పగలబడి నవ్వారు.

"అది నా తప్పుల పట్టీ కాదురా మొద్దూ, సూర్యుడి తప్పుల పట్టీ!" అని అరిచాడు జేబెజ్.

పాస్టరుగారి ముఖం ఎర్రబడింది. "దేవుడు చేసిన సూర్యుణ్ణి నీ ఇనపముక్కలు తప్పుపడతాయా?"

"రాల్ఫ్‌నడగండి. రోజూ దొంగచూపులు చూస్తూనే ఉన్నాడుగా. నా కాగితం ఒక్కరోజైనా తప్పిందేమో వాణ్ణే అడగండి!"

అందరూ నావైపు తిరిగారు. నా నోటినుంచి ఒక్క నిజం చాలు, అతను గెలుస్తాడు.

"కలుస్తాయని రాసిన రోజున కూడా గడియారమూ నీడా కలవలేదయ్యా" అన్నాను.

జేబెజ్ రోజూ మధ్యాహ్నం గోపురమెక్కి ముల్లును నీడకు సరిగా జరపాలి, లేదంటే ఆలుమగలిద్దర్నీ బండెక్కించి పొలిమేర దాటిస్తామన్నారు పెద్దలు. అతని భార్య డోర్కస్ అప్పటికే రక్తం కక్కుతూ మంచంలో ఉంది. ఆ చలిలో బండెక్కితే పక్కూరికి కూడా ప్రాణాలతో చేరదు. అతను వాళ్ళ ముఖాన ఉమ్మేసి పోతాడనుకున్నాను. తలొంచుకుని, "నిచ్చెన ఎక్కడుంది?" అని అడిగాడు.

గంట కొట్టే పని తిరిగి నాకిస్తారనుకున్నాను. "గడియారం ఇప్పుడు సరిగ్గానే కొడుతోందిగా, ఇక నువ్వెందుకురా?" అన్నాడు క్రంప్. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను. చర్చి ఊడవడం, గోతులు తవ్వడం మిగిలాయి.

తొమ్మిదేళ్ళు అతను రోజూ గోపురమెక్కాడు. తను చేసిన మంచి గడియారాన్ని తన చేత్తోనే చెడగొట్టి, ఎవరి ముఖమూ చూడకుండా దిగి వెళ్ళేవాడు. కింద జనం, "థోర్న్‌కు ఇప్పటికి బుద్ధొచ్చింది" అనేవాళ్ళు. నేనూ అన్నాను.

ఒక ఫిబ్రవరిలో డోర్కస్ పోయింది. గొయ్యి నేనే తవ్వాను. ఆ రాత్రే జేబెజ్ గోపురమెక్కి ముల్లును తన లెక్కకు తిప్పేశాడు. మర్నాడు గడియారం నీడకంటే పావుగంట ముందు పన్నెండు కొట్టింది. క్రంప్ అతని గుమ్మం ముందు నిలబడి కేకలేశాడు.

"గోపురమెక్కుతావా, ఊరొదిలి పోతావా?"

"పోతా. ఎవరికోసం అబద్ధమాడానో ఆ మనిషే లేదు" అన్నాడు జేబెజ్.

పనిముట్ల సంచి భుజాన వేసుకుని చర్చి గేటు దగ్గర నన్ను దాటబోతూ ఆగాడు. తొమ్మిదేళ్ళలో నాతో మాట్లాడింది అదే మొదలు.

"నేను నా ఇంటిదాని కోసం అబద్ధమాడాను రాల్ఫ్. నువ్వెవరి కోసం ఆడావు?"

నాకు పెళ్ళాంపిల్లలు లేరు. అతను వెళ్ళిపోయాక క్రంప్ గోపురం తాళంచెవి నా కాళ్ళముందు పడేశాడు. ఆ మర్నాటి నుంచీ ముల్లు జరుపుతున్నది నేనే.