శుద్ధి చేసిన నీళ్ళలో పోలి దీపం

కువైట్‌లో నది లేదు. ఈ మాట నేనంటే మా గోదావరి జిల్లాల వాళ్ళకి కోపం వచ్చేది, నదిని నేనే ఎక్కడో దాచేసినట్టు. ఫర్వానియాలో మా బిల్డింగ్‌లో చలికాలం వచ్చిందంటే ఎవరో ఒకరు అడిగేవారు, చెట్లూ నీళ్ళూ ఉన్న చోటికి పోదామండీ అని. అలాంటి చోటు ఒకటుంది. ఊరికి పడమరగా, పక్షుల కోసం కంచె వేసి అట్టిపెట్టిన రక్షిత ప్రాంతం. లోపల ఒక కాలువ, దానికి రెండు పక్కలా మనిషెత్తు రెల్లు, సరుగుడికి దూరపు చుట్టాల్లాంటి చెట్లు, నీటి వెంబడే గంటసేపు నడవగలిగే మట్టిబాట. మోకాళ్ళ కోసం నడవమని డాక్టరు చెప్పాడు కాబట్టి నేనూ, నా నోటికి జడిసి మా ఆయనా శుక్రవారాలు అక్కడికి వెళ్ళేవాళ్ళం. ఆయన కారులోనే కూర్చుని పేపరు చదివేవాడు. దాన్నే వాకింగ్ అనేవాడు.

ఆ నీళ్ళెక్కడివో నాకు బాగా తెలుసు. బీయస్సీ కెమిస్ట్రీ చదివి, నీళ్ళు పరీక్షించే ల్యాబులో పదకొండేళ్ళు పనిచేశాను. అది ఊరి మురుగుని శుద్ధి చేసి వదిలిన నీరు. చెట్లకి మంచిది, పక్షులకి మంచిది, మనిషి నోటికి మాత్రం కాదు.

ఆ ఏడు కార్తీకంలో ఒక వంటావిడని అక్కడికి తీసుకెళ్ళాను. కోనసీమ మనిషి. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో పని. కూరగాయల కొట్లో ఒకే ములక్కాడల కట్ట కోసం ఇద్దరం తగువుపడి స్నేహితులమయ్యాం. నెలకి రెండు శుక్రవారాలు, అదీ పొద్దున్న తొమ్మిదింటి వరకే, ఆవిడకి సెలవు.

బాట ఎక్కగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. "ఈ కాలవ ఏ ఊర్నించి వస్తందండి?"

ఆ మొహం చూశాక నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు. "ఎగువ నుంచి," అన్నాను. ఎదుటివాళ్ళ మాటలో పిసరంత తప్పు దొరికినా ఊరుకోని మనిషిని, నా అబద్ధాన్ని నేనే చప్పుడు చేయకుండా మింగేశాను.

నడుస్తూ చెప్పింది. శ్రావణంలో వాళ్ళమ్మ పోయింది. పాస్‌పోర్ట్ కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర ఉంది. ఇంట్లో పెళ్ళి పెట్టుకున్నాం, అయ్యాక వెళ్దువుగాని అందట మామా. ఇంటి యజమానురాలిని పనివాళ్ళు అలాగే పిలుస్తారు. పెళ్ళయ్యేసరికి ఊళ్ళో పన్నెండో రోజు కూడా అయిపోయింది. వెళ్ళి ఏం చేస్తావింక, అన్నారట. ఆ తల్లికి ఈవిడ ఒక్కతే కూతురు. ఏటా పోలి పాడ్యమికి తెల్లవారుజామున ఇద్దరూ కాలవలో అరటిదొప్పల మీద దీపాలు వదిలేవారట.

"నేనిక్కడికొచ్చేక నా పేర కూడా మా అమ్మే ఒదిలేదండి. ఈ ఏడు ఆవిడ పేర నేనొదలాలి. నేను గాకపోతే ఎవరొదులుతారండి?"

"సముద్రం ఉందిగా."

"నిరుడు మహబూలాలో మావోళ్ళు ఒదిలేరండి. కెరటం తెచ్చి మళ్ళీ ఆళ్ళ కాళ్ళ కాడే పడేసింది. సముద్రం ఎక్కడికీ పోదు కదండీ. పారే నీళ్ళు కావాలి."

పోలి పాడ్యమి ఆ ఏడు బుధవారం వచ్చింది. మేం దీపంతో మళ్ళీ అక్కడికి వెళ్ళింది ఆ వారం శుక్రవారం. "మామా సెలవిచ్చిన రోజే పాడ్యమండి," అని నవ్వింది. అబాయా తీసి కారులో పెట్టేసరికి లోపల నేతచీర ఉంది. అరటిదొప్ప ఈ దేశంలో ఎక్కడ దొరుకుతుంది? మలయాళీల కొట్లో కొన్న అరటాకుని రెండు మడతలు వేసి, పుల్లలు గుచ్చి దొప్ప చేసింది. అందులో నేతిలో తడిపిన ముప్పై వత్తులు. మా ఆయన పేపరు తెరిచాడు. మేమిద్దరం నీళ్ళ దాకా నడిచాం.

ఆవిడ గట్టున గొంతుక్కూర్చుని, దీపం పక్కన పెట్టి, మూడు పుడిసిళ్ళు తాగడానికి దోసిలి ముంచింది.

"ఆగు! తాగకు!" నా అరుపుకి రెల్లులోంచి రెండు కొంగలు లేచిపోయాయి. ఇక దాచి లాభం లేదు. మురుగు, శుద్ధి, పైపు, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను.

దోసిట్లో నీళ్ళు మెల్లగా కిందికి ఒంపేసింది.

"ఇంతేనా? ఇంకా ఏంటో అనుకున్నాను. మా కాలవలో మూడూళ్ళ మురుగు కలుస్తాదండి. పైన రొయ్యల చెరువులు కూడాను. దాన్నెవరూ శుద్ధి చెయ్యరు. ఈ నీళ్ళకి మీలాంటి పరీక్షలోళ్ళన్నా ఉన్నారు." కాలువ వైపు చెయ్యి చూపించి, "పారతందా, లేదా?" అంది.

"పారుతోంది."

"మరింకేంటండి. తాగన్లెండి, దణ్ణం పెట్టుకుంటాను," అని అగ్గిపుల్ల గీసింది.

వెనక ఈల మోగింది. కాపలా మనిషి, బంగ్లాదేశ్ అతను, పరుగున వచ్చాడు. "ఆగ్ నహీ, మేడమ్! ఆగ్ మనా హై!" నిప్పు పెట్టకూడదట. నాకు పని దొరికింది. పది నిమిషాలు వాదించాను. ఒక్క దీపానికి అడవి తగలబడుతుందా, నేనెవరో తెలుసా, మీ ఆఫీసరు ఎక్కడ? అతను ఒక రెల్లు విరిచి అరచేతిలో నలిపి నాకు చూపించాడు. పొడిపొడి అయిపోయింది. అతనిదే నిజం. నాకు ఒళ్ళు మండింది.

అప్పుడు ఆవిడ, తనకొచ్చిన హిందీలో, మెల్లగా అంది. "మేరా అమ్మా మర్ గయా, భాయ్. ఛుట్టీ నై దియా." అమ్మ పోయింది, సెలవివ్వలేదు అని.

అతను ఈల జేబులో పెట్టుకున్నాడు. "కబ్?" అని అడిగాడు, ఎప్పుడని. ఆవిడ మూడు వేళ్ళు చూపించింది, మూడు నెలలని. "ఆవో," అని ముందు నడిచాడు.

బాట చివర కాలువ రెల్లు వదిలి రాళ్ళ గట్టు మధ్యకి వస్తుంది. అక్కడ ఎండిన గడ్డి పరక కూడా లేదు. అతను ఒక బకెట్‌తో నీళ్ళు ముంచి, వెలిగించుకో అన్నట్టు తలూపి, పక్కనే నిలబడ్డాడు. ఆవిడ ముప్పై వత్తులూ వెలిగించి, దొప్పని నీళ్ళ మీద పెట్టి, ఒక్కో వేలే తీస్తూ వదిలింది.

నాలుగు బారలు పోయి నాచుకి తగులుకుంది. మెల్లగా గిరగిరా తిరుగుతోంది, కదలడం లేదు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి దిగబోయింది. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. తన బూట్లు విప్పి, చుట్టూ చూసి, గట్టు రాళ్ళు తడిగా ఉండటంతో నా చేతికిచ్చాడు. మోకాలి లోతు నీళ్ళలో దిగి, ఒక వేలితో నాచుని పక్కకి తీశాడు. దొప్పని ముట్టుకోలేదు. దానంతట అదే కదిలింది.

"పైకొచ్చాక కాళ్ళు సబ్బుతో కడుక్కో," అన్నాను హిందీలో. ఏదో ఒకటి అనకపోతే నాకు ఏడుపొచ్చేలా ఉంది.

"రోజూ దిగుతాను మేడమ్," అన్నాడు నవ్వి.

దీపం మలుపు తిరిగేదాకా ఆవిడ చేతులు దించలేదు. తిరిగాక కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎల్లిపోయిందండి," అంది. ఆ మాటలో దుఃఖం కంటే ఒక పని చక్కగా పూర్తయిన నిబ్బరం ఎక్కువ వినిపించింది.

అతను గట్టెక్కి చెయ్యి చాపేదాకా, ఆ బూట్లు ఇంకా నా గుండెలకే ఆన్చి పట్టుకుని ఉన్నానని నేను గమనించనే లేదు.