మూడు మెట్లు మింగిన రోడ్డు

గోపాలపట్నంలో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు వీధిలోంచి మూడు మెట్లెక్కి లోపలికి వచ్చేవాళ్ళం. కాలనీ పెరిగాక, పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్ళీ మళ్ళీ కొత్తది పోశారు. ఈ రోజు ఇంకో పొర వేసేసరికి నా గడప రోడ్డుకి జానెడు కిందికి పోయింది.

గాభరాపడి మేస్త్రీని అడిగాను.

"బాబూ, వానొత్తే నీరంతా నా ఇంట్లోకే కదా?"

"ఏటి మామ్మా, రోడ్డెయ్యకపోతే తిడతారు, ఏత్తే ఏడుత్తారు! నీ ఇల్లే ఎత్తు సేసుకో."

"అలాగే నాయనా. నాను ఈ పక్క పట్టుకుంటాను, నువ్వా పక్క పట్టు. లేపేద్దాం."

కూలీలు నవ్వారు, మేస్త్రీ నవ్వలేదు.

సాయంత్రానికి మబ్బు పట్టింది. భయంతో బియ్యం బస్తాని మంచం మీదికెక్కించాను. ఇక నాకే చోటు లేదు. మీ గడపలింకా రోడ్డుకి పైనే ఉన్నాయా? మురిసిపోకండి, మీ వీధికీ వస్తారు.