అడగాల్సిన మాట

పట్టణ ఆరోగ్య కార్యాలయంలో జనన మరణాల కిటికీ దగ్గర ఆవిడ ఇరవై ఆరేళ్లుగా కూర్చుంటోంది. పుట్టినవాళ్ల కాగితాలు ఎడమ చేతి వైపు, పోయినవాళ్ల కాగితాలు కుడి చేతి వైపు. వీధిలో అందరూ లెక్కలమ్మ అంటారు. ఎదురుపడితే పలకరిస్తారు గానీ ఎక్కువసేపు నిలబడరు.

"నీ కంట పడితే ఎక్కడ రాసేసుకుంటావోనని వాళ్ల బెంగ," అని ఏడిపించేవాడు భర్త. ఆయన నీళ్ల ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు.

మరణ కాగితంలో 'కారణం' అని ఒక గడి ఉంటుంది. కడుపునొప్పి తాళలేక, ప్రమాదవశాత్తు, తెలియదు. బంధువులు ఏది చెబితే అది రాయడం ఆవిడకు అలవాటైపోయింది. అసలు ఆ గడిలో మొదటి అబద్ధం రాసింది సొంత తమ్ముడి గురించే. ఆవిడ ఉద్యోగంలో చేరిన రెండో ఏడు వాడు ప్రాణం తీసుకున్నాడు. పాతికేళ్లు కూడా నిండలేదు.

"రాయకే తల్లీ, ఆ మాట రాయకు. జ్వరమని రాయి," అని అమ్మ చేతులు పట్టుకుని బతిమాలింది. రాసింది. ఏళ్లు గడిచేసరికి ఆ జ్వరం ఎన్ని రోజులు కాసిందో, ఏ డాక్టరుకి చూపించారో కూడా అమ్మ నలుగురికీ చెప్పడం మొదలుపెట్టింది. పక్కన కూర్చుని లెక్కలమ్మ ఊఁ కొట్టేది.

కిందటేడు కార్యాలయానికి కొత్త అధికారి వచ్చింది. కూతురి వయసున్న డాక్టరు. వచ్చిన వారానికే అయిదేళ్ల పుస్తకాలు ముందేసుకుంది.

"ఇన్ని 'తెలియదు'లు ఏంటండీ?"

"తెలియకే మేడమ్."

"మీకు కూడా తెలియదా?"

లెక్కలమ్మ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుంది.

ఇద్దరూ కలిసి పోలీస్ స్టేషను కాగితాలు, ఆసుపత్రి అత్యవసర విభాగం రిజిస్టరు తెప్పించారు. పదకొండు రోజులపాటు మధ్యాహ్నాలు నేలమీద పరుచుకుని తేదీకి తేదీ, వీధికి వీధి కలుపుతూ పోయారు. డాక్టరు రావడానికి ముందు ఏడాది పుస్తకం ప్రకారం ఆత్మహత్యలు తొమ్మిది. తేలినవి ముప్ఫై ఒకటి. అందులో పధ్నాలుగు, మూతపడ్డ దారం మిల్లు క్వార్టర్లలోనే. డాక్టరు చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టేసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ పోయినవాళ్లలో సగం మంది అంతకుముందు ఒకసారి ప్రాణం తీసుకోబోయి అదే ఆసుపత్రికి వచ్చినవాళ్లు. వైద్యం చేసి ఇంటికి పంపారు. ఆ తరవాత ఎలా ఉన్నావని అడిగిన దిక్కు లేదు.

"మనం వెళ్లి అడుగుదాం. కొందరైనా దక్కుతారు," అంది డాక్టరు.

అలా మొదలైంది. ఎవరినైనా అలా బతికించి ఇంటికి పంపితే ఆసుపత్రి నుంచి చీటీ రావాలి. మూడు రోజుల్లో ఒకరు ఇంటికి వెళ్లాలి, ఆపైన మూడు నెలలు వారం వారం. ఇద్దరు నర్సులు సరిపోలేదు.

"నాకు రాయడం తప్ప ఏమొచ్చు మేడమ్?" అంది లెక్కలమ్మ.

"ఊళ్లో మీకు తెలియని గడప ఉందా?"

ఆవిడ వంతుకు వచ్చిన మొదటి మనిషి, క్వార్టర్లలో రెండో అంతస్తులో ఉంటూ చొక్కాలకు కాలర్లు కుట్టే ఆవిడ. ఇల్లు అద్దంలా ఉంది. కుట్టిన కాలర్లు కిటికీ పక్కన దొంతరగా పేర్చి ఉన్నాయి. నవ్వుతూ కుర్చీ వేసింది.

"ఇప్పుడెలా ఉందమ్మా?"

"బాగానే ఉందండీ. ఏదో ఆ రోజు బుద్ధి గడ్డి తింది."

"ఇంక అలాంటి ఆలోచనలేం లేవుగా?"

"అబ్బే, లేవండీ."

కార్డు మీద 'బాగుంది' అని రాసుకుంది. నాలుగు వారాలూ అదే ప్రశ్న, అదే నవ్వు, అదే మాట. అయిదో వారం ఆ కాలర్లు కుట్టే ఆవిడ మరణ కాగితం కిటికీ దగ్గరికి వచ్చింది. తెచ్చినవాడు పోయినావిడ భర్త. మిల్లులో ఒకప్పటి ఫిట్టరు.

"మీరు మా ఇంటికి వచ్చేవారు కదూ?" అన్నాడు.

లెక్కలమ్మ కలం పట్టుకుని కారణం గడి దగ్గర ఆగింది. "ఏం రాయమంటారు?"

"మీకు తెలుసుగా."

ఉన్నదే రాసింది. ఆయన సంతకం పెట్టి, కలం తిరిగి ఇచ్చి వెళ్లిపోయాడు. ఒక్క మాట తూలినా ఆవిడకు కాస్త తేలికయ్యేది.

నేరుగా డాక్టరు గదిలోకి వెళ్లింది. "నా వల్ల కాదు మేడమ్. నన్ను ఆ కిటికీ దగ్గరే ఉండనివ్వండి."

డాక్టరు ఓదార్చలేదు. "మీ తప్పు కాదని చెబితే మీరు నమ్మరు. ఆవిణ్ణి ఏమని అడిగారు?"

చెప్పింది.

"'లేవుగా' అంటే ఎవరైనా లేవనే అంటారండీ. ఆ మాట తిన్నగా అడగాలి."

"చావు మాటా? లేనిపోనిది తలకెక్కించినట్టు కాదూ?"

"కాదండీ. అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవాళ్లకు చెప్పుకునే దారి దొరుకుతుంది."

ఆ సాయంత్రం గిన్నెలు తుడుస్తూ ఆ వాక్యాన్ని పైకి అనిచూసుకుంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" వెనక భర్త చేతిలో గ్లాసు కింద పడింది. "ఏమిటే, ఏమైందే నీకు?" సంగతి చెప్పింది. ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. "అయితే నన్నడుగు. నోరు తిరుగుతుంది." అడిగింది. "నీ వంట తిన్న రోజు తప్ప ఎప్పుడూ లేదు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. కాసేపటికి ఆయనే, "మీ తమ్ముణ్ణి ఇలా ఎవరూ అడగలేదు కదే," అన్నాడు. ఆవిడ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ ఉండిపోయింది.

తరవాతి చీటీ ఒక బస్సు డ్రైవరుది. చూపు మందగించి ఉద్యోగం మానేసి కూతురింట్లో ఉంటున్నాడు.

"అప్పుడే దాపురించావా చెల్లెమ్మా? బతికే ఉన్నాను, రాసుకుని పో."

ఆవిడ మంచం పక్కన కూర్చుంది. "అన్నయ్యా, చచ్చిపోవాలని ఇంకా అనిపిస్తోందా?"

వంటింట్లో కూతురి చప్పుడు ఆగిపోయింది. ఆయన గోడకేసి తిరిగాడు.

"రోజూ," అన్నాడు.

"ఎప్పుడెక్కువ?"

"నాలుగున్నరకి. నా మొదటి ట్రిప్పు టైమది. ముప్ఫై ఏళ్ల అలవాటు, మెలకువ వచ్చేస్తుంది. లేచి ఎక్కడికి పోనూ?"

"ఇంట్లో ఏమైనా దాచుకున్నావా?"

గడ్డంతో మంచం కింది పెట్టె వైపు చూపించాడు. కూతురు వచ్చి తెరిచి, దొరికినదాన్ని లెక్కలమ్మ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని సంచిలో వేసుకుని ఆసుపత్రిలో అప్పగించింది. ఆ గురువారమే మనసు డాక్టరుకి చూపించారు. నాలుగున్నర సంగతి పంపు ఆపరేటరైన భర్త తన నెత్తిన వేసుకున్నాడు. ఎలాగూ మోటారు వేసేది అప్పుడే. "అన్నా, లేచావా? ఊరికి నీళ్లొదులుతున్నా," అని రోజూ ఫోను చేస్తాడు. మొదట్లో బూతులు వినిపించేవి. తరవాత తరవాత, ఫోను పది నిమిషాలు ఆలస్యమైతే అటునుంచే వచ్చేది.

ఏడాది చివర పుస్తకంలో అంకె ఇరవై ఏడు. జిల్లా నుంచి వచ్చిన అధికారి మండిపడ్డాడు. "తొమ్మిది ఇరవై ఏడయ్యాయి! ఏం చేస్తున్నారు మీరంతా?"

"అవి తొమ్మిది కావండీ, ముప్ఫై ఒకటి. ఇప్పుడు దాచకుండా రాస్తున్నాం, అంతే," అంది డాక్టరు.

ఆయన తలకెక్కలేదు. రెండు నెలలకు డాక్టరును బదిలీ చేశారు. కొత్తగా వచ్చినాయన ఆపమనలేదు, చెయ్యమనీ అనలేదు.

అప్పటినుంచే లెక్కలమ్మ, భార్య పోయిన ఆ ఫిట్టరు ఇంటికి వెళ్లడం మొదలుపెట్టింది. పోయినవాళ్ల ఇంట్లో మిగిలినవాళ్లనూ కనిపెట్టుకుని ఉండాలని డాక్టరు వెళ్లేముందు చెప్పింది. ఆరు వారాలు ఆయన తలుపు తియ్యలేదు. ఏడోసారి తీశాడు. కుర్చీ మీది దుమ్ము చేత్తో దులిపి కూర్చోమన్నాడు. చావు ఆలోచనలున్నాయా అని ఆవిడ తిన్నగా అడిగింది.

"ఉన్నాయండీ, లేకేం," అన్నాడు. ఆ తరవాత గంటసేపు భార్య గురించి చెప్పాడు. మళ్లీ రమ్మని మాత్రం అనలేదు.

ఆ నెల క్వార్టర్లలో ఇద్దరు పోయారు. ఇద్దరూ అంతకుముందు ఆసుపత్రికి వచ్చి వెళ్లినవాళ్లే. ఒక్కరి చీటీ కూడా కార్యాలయానికి అందలేదు. మర్నాడు పొద్దున్నే లెక్కలమ్మ కిటికీ మూసి, అత్యవసర విభాగంలో చీట్లు రాయాల్సిన గుమాస్తా ఎవరో కనుక్కుందామని బయల్దేరింది.